జెనెటిక్ కౌన్సెలర్‌కు సర్టిఫికెట్ కోర్సు చాలదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక విద్యా పేజీలో కొత్త కొలువుల గురించి ఇటీవల వచ్చిన వ్యాసం, లైఫ్ సైన్సెస్‌లో డిగ్రీ ఉండి ఆన్‌లైన్‌లో ఒక సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేస్తే జెనెటిక్ కౌన్సెలర్‌గా, అంటే వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబాలకు వివరించే నిపుణులుగా, స్థిరపడవచ్చని చెప్పింది. ఈ వృత్తిలో ఉన్న వ్యక్తిగా, ఆ మాట నమ్మి ఫీజు కట్టబోయే విద్యార్థుల కోసమూ, అంతకన్నా ముఖ్యంగా రేపు వాళ్ల ఎదుట కూర్చోబోయే దంపతుల కోసమూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పని రక్తపరీక్షతో మొదలు కాదు, వంశవృక్షంతో మొదలవుతుంది. మగవారికి చదరం, ఆడవారికి వృత్తం గీసి, జబ్బు ఉన్నవారి గుర్తును నల్లగా నింపి, చనిపోయినవారి గుర్తు మీద ఏటవాలు గీత పెట్టి, కనీసం మూడు తరాల వివరం రాబట్టాలి. మేనరికమైతే దంపతుల మధ్య జంట గీత గీస్తాము. మన ప్రాంతంలో ఆ జంట గీతకు కొదవ లేదు. పిల్లలెందరని అడిగితే చాలామంది బతికున్నవారినే లెక్క చెబుతారు. ఎన్ని కాన్పులయ్యాయి, పురిట్లో పోయిన బిడ్డ ఉన్నారా అని విడిగా అడిగినప్పుడు కోడలు తలవంచుకుంటుంది, తెలిసిన సంగతి బయట బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మ చెబుతుంది. తల్లి వైపు మేనమామలు ఇద్దరు పదేళ్లు దాటాక నడవలేకపోయారన్న ఒక్క మాటతో, డుషేన్ అనే కండరాల జబ్బు కోసం ఏ పరీక్ష ముందు చేయించాలో తేలిపోవచ్చు. ఈ మాట రాబట్టడం ఏ వీడియో పాఠమూ నేర్పదు.

ఆ తర్వాతి పని అంకెలను మనుషులకు అర్థమయ్యేలా చెప్పడం. భార్యాభర్తలిద్దరూ తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకు క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తున్నవారైతే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ భయం లేదని ఆ అంకెను అర్థం చేసుకునేవారిని తరచూ చూస్తుంటాము. నిజానికి ప్రతి కాన్పుకూ ఆ 25 శాతం మళ్లీ కొత్తగా ఉంటుంది. గర్భస్థ శిశువుకు పరీక్ష ఏ వారంలో చేయించాలో, ఫలితం ఎప్పటికి వస్తుందో, 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 24 వారాలు దాటితే మెడికల్ బోర్డు అనుమతి ఎందుకు కావాలో కూడా ముందే చెప్పాలి. ఏం చేయాలన్నది మాత్రం మేము చెప్పకూడదు. "మీ చెల్లెలైతే ఏం చెప్పేవారండీ?" అని అడిగినప్పుడు నిర్ణయాన్ని వారి చేతుల్లోనే ఉంచుతూ, అలాగని వారిని ఒంటరిగా వదిలేయకుండా మాట్లాడటం అన్నిటికంటే కష్టమైన విద్య.

అమెరికాలో ఈ వృత్తికి మొదటి మాస్టర్స్ కోర్సు 1969లో సారా లారెన్స్ కాలేజీలో మొదలైంది. అక్కడ రెండేళ్ల చదువు, ఆసుపత్రుల్లో పర్యవేక్షణతో కూడిన శిక్షణ, ఆపైన బోర్డు పరీక్ష ఉంటాయి. మన దేశంలోనూ ఎమ్మెస్సీ స్థాయి కోర్సులు ఉన్నాయి. కౌన్సెలర్ వేరు, జన్యువైద్యంలో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ చదువు చేసిన డాక్టరు వేరు. రోగనిర్ధారణ, చికిత్స డాక్టరు బాధ్యత. ఇక గర్భంలో లింగనిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద 1996లో వచ్చిన నిబంధనల సంగతి చూడండి. స్త్రీవైద్య నిపుణులకు గానీ పిల్లల వైద్యులకు గానీ ఆరు నెలల అనుభవమో, నాలుగు వారాల శిక్షణో ఉంటే జెనెటిక్ కౌన్సెలింగ్ కేంద్రం పెట్టుకోవచ్చని ఆ నిబంధనలు చెబుతాయి. వారి వైద్యజ్ఞానాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ నేటి జన్యు పరీక్షల రిపోర్టుల్లో, జబ్బుకు కారణమో కాదో ఇంకా తేలని మార్పులు తరచూ కనిపిస్తాయి. అలాంటి మార్పును జబ్బుగా చదివితే, దాని ఆధారంగానే ఒక గర్భం పోవచ్చు.

ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్. దానిపై 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం 7 కోట్ల మందికి పరీక్షలు చేసి కార్డులివ్వాలని లక్ష్యంగా పెట్టుకుంది. మన ఏజెన్సీ గ్రామాలూ అందులో ఉన్నాయి. క్యారియర్ అని కార్డులో ఉన్న అమ్మాయి రోగి కాదు. పెళ్లి చేసుకోబోయే అబ్బాయికి కూడా సికిల్ సెల్, తలసీమియా వంటి వంశపారంపర్య హిమోగ్లోబిన్ లోపపు జన్యువు ఉంటేనే పిల్లల విషయంలో ఆలోచించాలి. గిరిజన కుటుంబానికి వారి భాషలో ఈ మాట చెప్పే మనిషి లేకుండా కార్డు చేతిలో పెడితే ఆ అమ్మాయికి సంబంధాలు తప్పిపోతాయి. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు వంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ పోస్టులను ప్రభుత్వాలు మంజూరు చేయాలి. పరీక్షలు అమ్మే ల్యాబుల జీతం మీద ఆధారపడని పోస్టులై ఉండాలన్నది నా పట్టుదల.

మీ విద్యా పేజీలో ఆ వ్యాసానికి సవరణ వేయగలరని, కోర్సులో చేరేముందు ఆసుపత్రిలో రోగుల మధ్య శిక్షణ ఎన్ని నెలలు, ఎవరి పర్యవేక్షణలో ఉంటుందో అడిగి తెలుసుకోవాలని విద్యార్థులకు సూచించగలరని కోరుతున్నాను.

భవదీయ,
ఒక జెనెటిక్ కౌన్సెలర్,
హైదరాబాద్