గురువులకు కృతజ్ఞతగా ఈ ఏడాది మనం చేసిన పనులు: పూర్వ విద్యార్థుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

వంశధార ఒడ్డున ఉన్న మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదువుకుని, ఇవాళ విశాఖపట్నంలో, హైదరాబాదులో, చెన్నైలో, గల్ఫ్ దేశాల్లో స్థిరపడిన మీ అందరికీ ఈ ఏటి నివేదిక సమర్పిస్తున్నాం. ఉపాధ్యాయ దినోత్సవం నాడు శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ఫొటో దిగి వచ్చేస్తే సరిపోదని పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. ఏ మాస్టారు మనకు ఏం చేశారో రాసి ఇవ్వాలనీ, ఇప్పుడు బడిలో ఉన్న ఉపాధ్యాయులు చేస్తున్న పనిలో మనమూ ఒక చెయ్యి వెయ్యాలనీ తీర్మానించాం. ఈ ఏడాది చేసినవన్నీ ఆ తీర్మానం ప్రకారం చేసినవే.

మొదటి కార్యక్రమం ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం రోజు జరిగింది. గిడుగు రామమూర్తి పంతులు గారు మన జిల్లా వారు, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం పిల్లలకు పాఠంలోనే ఉంది. ఆయన పర్లాకిమిడి బడిలో చరిత్ర చెప్పిన అయ్యవారని మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు. సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆయన ముందు తాను ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం ప్రతిఫలం ఇవ్వబోతే తనకు వద్దని, ఆ డబ్బుతో సవరల కోసం బడి పెట్టమన్నారు. మన తెలుగు మేడం గారు ఈ సంగతి చెబుతుంటే తొమ్మిదో తరగతి పిల్లలు కదలకుండా విన్నారు.

సెప్టెంబరు 5న ఉత్తరాల కార్యక్రమం పెట్టాం. ఇప్పటి పిల్లలూ, పాత బ్యాచ్‌ల వాళ్లూ తమ ఉపాధ్యాయులకు ఉత్తరాలు రాశారు. 'మీరు దేవుడితో సమానం' లాంటి మాటలు వద్దని, జరిగిన సంగతి ఒక్కటైనా రాయమని ముందే కోరాం. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో కార్యవర్గానికి అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న ఒక అమ్మాయి, ఇంటి పైకప్పుతో పాటు పుస్తకాలూ పోయాయని, బడి తెరిచిన రోజు సోషల్ మాస్టారు పక్క మండలంలో తెలిసిన టీచర్ల దగ్గర పాత పుస్తకాలు అడిగి, బండి మీద మూట కట్టి తెచ్చారని రాసింది. ఆ పుస్తకాల అట్టల మీద వేరే పిల్లల పేర్లు ఉండేవట. 2020లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాక, ఫోన్లు లేని పిల్లల కోసం సైన్సు మేడం తమ ఊరి రచ్చబండ దగ్గరకు వచ్చి, దూరదూరంగా కూర్చోబెట్టి పాఠం చెప్పేవారని మరో అబ్బాయి గుర్తుచేసుకున్నాడు. హిందీ అంటే వణికిపోయే ఒకతను, పరీక్షకు ముందు మాస్టారు తన ఒక్కడి కోసం రోజూ పది మాటలు చీటీ మీద రాసి జేబులో పెట్టేవారని రాశాడు. ఇప్పుడు అతను సూరత్‌లో పని చేస్తూ హిందీలోనే బతుకుతున్నాడు.

మన పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు చెన్నైకో హైదరాబాదుకో కూలికి వలసపోయి ఉంటారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాన్నమ్మ దగ్గరో ఉండి చదువుకుంటారు. భోజనం బెల్లులో ఒక మేడం తన ఫోన్ స్టాఫ్ రూము బల్ల మీద పెట్టి, ఎవరైనా వచ్చి అమ్మతో మాట్లాడుకోవచ్చని చెప్పారట. ఈ విషయం ఆరుగురు పిల్లలు విడివిడిగా, ఎవరికి వారే రాశారు. ఆ మేడం ఈ సంగతి ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. చదివి వినిపిస్తుంటే ఆవిడ లేచి బయటకు వెళ్లిపోయారు.

కొన్ని ఉత్తరాలు వంట చేసే ఆయమ్మకూ, అటెండరు గారికీ వచ్చాయి. వాళ్లకూ అదే వేదిక మీద అందజేశాం. ఇక ముందూ అలాగే చేస్తాం.

ఇక తీర్మానంలోని రెండో పని, ఉపాధ్యాయుల పనిలో చెయ్యి వెయ్యడం. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు దాటకూడదు. మెంటల్ ఎబిలిటీకి 90 మార్కులు, పాఠ్యాంశాలకు 90. మెంటల్ ఎబిలిటీ బడి పుస్తకాల్లో ఉండదు కాబట్టి లెక్కల మాస్టారు, సైన్సు మేడం బడి వదిలాక కూర్చోబెట్టి నేర్పుతున్నారు. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌తో బ్యాంకు ఖాతా లింకు, ఏటేటా పోర్టల్‌లో రెన్యువల్. ఇందులో ఒక్కటి తప్పినా కష్టపడి గెలుచుకున్న డబ్బు ఆగిపోతుంది. ఇన్నాళ్లూ ఈ తిరుగుడంతా ఉపాధ్యాయులే తిరిగారు. ఈ ఏడాది నుంచి మోడల్ పేపర్ల ప్రింటింగు ఖర్చు సంఘం భరించింది. ఊళ్లో ఉన్న మన సభ్యులు గ్రామ సచివాలయానికీ బ్యాంకుకీ పిల్లల వెంట వెళ్లారు. మాస్టార్లకు ఆ గంటలు పాఠానికి మిగిలాయి.

మన లెక్కల మాస్టారు ఈ ఏడాది 62 ఏళ్లు నిండి రిటైరయ్యారు. ఉంగరం చేయించాలని చాలా బ్యాచ్‌లు ముందుకొచ్చాయి. ఆయన ఒప్పుకోలేదు. పదో తరగతి స్టడీ అవర్లు ముగిసేసరికి చీకటి పడుతోందని, ఏటి అవతలి ఊళ్ల ఆడపిల్లలకు ఆ వేళ బస్సు లేక మధ్యలోనే లేచి వెళ్లిపోతున్నారని, ఆ డబ్బుతో వాళ్లకు ఆటో పెట్టమని అడిగారు. జనవరి నుంచి పరీక్షల చివరి రోజు దాకా ఆటో నడిపాం. వీడ్కోలు సభకు ఆ పిల్లలు అమ్మమ్మల్ని కూడా తీసుకొచ్చారు.

శాలువాలు పూర్తిగా మానేశామా అని కొందరు సభ్యులు అడిగారు. లేదు. వయసు మళ్లిన మాస్టార్లకు ఆ గౌరవం ఇష్టం, మనకూ అది సంప్రదాయం. వాళ్లకు శాలువాతో పాటు ఉత్తరమూ ఇచ్చాం.

ఆటల పోటీలు, మొక్కల పెంపకం యథావిధిగా జరిగాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు సమావేశంలో చదివి వినిపిస్తారు.

వచ్చే ఏడాదికి మూడు ప్రతిపాదనలు మీ ఆమోదం కోసం పెడుతున్నాం. ఆటోను డిసెంబరు నుంచే మొదలుపెట్టడం. స్కాలర్‌షిప్ రెన్యువల్ బాధ్యతను బ్యాచ్‌కు ఒకరు చొప్పున పంచుకోవడం. మూడోది కాస్త తొందరగా చేయాల్సింది: మనకు చదువు చెప్పి, ఇప్పుడు ఎనభై దాటిన మాస్టార్ల ఉత్తరాలు వాళ్ల ఇళ్లకే తీసుకెళ్లి ఇవ్వడం. బదిలీల మీద వెళ్లిన వారిలో కొందరు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో మనకు తెలియలేదు. మీలో ఎవరికి తెలిసినా దసరాలోగా కార్యవర్గానికి చెప్పండి, ఉత్తరం మాత్రం ఇవాళే రాసి పంపండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి