పాత చిట్టాలు అమ్మొద్దు తాతయ్యా

మిల్టన్ కీన్స్, ఇంగ్లండ్,
9 నవంబర్ 2025

తాతయ్యకి నీ మనవరాలు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నీ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందని నానమ్మ చెప్పింది, సంతోషం.

ఫోన్లో నీకు సగం మాటలు వినపడట్లేదు, అందుకే ఉత్తరం. చిన్నోడు ఇంటర్ ఎంపీసీలో చేరాడు కదా, "నువ్వు కంప్యూటర్ చదువు ఎలా చదివావో వివరంగా రాయి, వాడికి చదివి వినిపిస్తా" అన్నావు.

ఇక్కడ పదహారేళ్లకి, మన పదో తరగతి పరీక్షల్లాంటి జీసీఎస్‌ఈ పరీక్షలయ్యాక సిక్స్త్ ఫామ్ అని రెండేళ్లు చదవాలి. మన ఇంటర్ లాంటిదే, కానీ ఎక్కువమంది మూడే సబ్జెక్టులు తీసుకుంటారు. 2017లో నేను మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ తీసుకున్నా. నేను అప్లై చేసినవాటికి మన ఎంసెట్ లాంటి పరీక్ష లేదు. యూనివర్సిటీ అప్లికేషన్లు తీసుకునే యూకాస్ అనే సంస్థ ద్వారా ఒకే అప్లికేషన్‌తో ఐదు యూనివర్సిటీల దాకా పెట్టుకోవచ్చు. ఈ గ్రేడ్లు తెచ్చుకుంటే సీటు ఇస్తామని వాళ్లు ముందే చెబుతారు. చిన్నోడికి ఒక్కటి గట్టిగా చెప్పు: లెక్కలు వదలొద్దని. ఇక్కడ కంప్యూటర్ డిగ్రీకి చాలా యూనివర్సిటీలు ముందు చూసేది లెక్కలే, కంప్యూటర్ సైన్స్ చదివి ఉండాలని కూడా అడగవు.

ఇప్పుడు నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పని సంగతి. ఆ కంప్యూటర్ సైన్స్‌లో 20 శాతం మార్కులు ప్రాజెక్టుకి. క్లాసులో చాలామంది గేములు చేశారు. నేను మన ఎరువుల కొట్టు ఖాతాలు తీసుకున్నా. ఆ చలికాలం రోజూ ఫోన్ చేసేదాన్ని, గుర్తుందా? నువ్వు కొట్టు కట్టేసి అన్నం తినే వేళకి నేను స్కూల్ నుంచి వచ్చేదాన్ని.

చిట్టాలో ఆ రోజు పద్దులు, ఆవర్జాలో ఒక్కో రైతుకి విడి ఖాతా. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఇద్దరుండేవాళ్లు. ఒకరి పక్కన 'చెరువుగట్టు', ఇంకొకరి పక్కన 'రామాలయం' అని నీలం సిరాతో రాసేవాడివి. నా ప్రోగ్రాం ఇద్దరినీ ఒక్కరే అనుకుని, ఒకరి యూరియా బస్తాలు ఇంకొకరి బాకీలో కలిపేసింది. నువ్వు వినగానే, "పేరు చూసి పద్దు రాయకూడదమ్మా, ఊళ్లో పేర్లు తక్కువ, మనుషులెక్కువ" అన్నావు. మర్నాడే ప్రతి రైతుకీ ఒక నంబరు ఇచ్చా. దాన్ని ప్రైమరీ కీ అంటారు. తర్వాత యూనివర్సిటీలో డేటాబేస్ క్లాసులో ఆ మాట వినగానే నాకు నీ ఆవర్జాయే కళ్లముందు కనిపించింది.

ఇంకోటి. బాకీ ఎప్పటికి తీరుస్తారో తేదీ వేయాలని ప్రోగ్రాంలో పెట్టా. "మిర్చికి ధర వచ్చినప్పుడు కడతారు, దానికి తేదీ ఏం వేస్తావ్?" అన్నావు. ఆ గడి ఖాళీగా వదిలేయొచ్చని మార్చా.

స్కూల్ వాళ్లు ఒకసారి బ్లెచ్లీకి తీసుకెళ్లారు, మా ఊళ్లోనే. యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు విప్పడానికి 1944లో వాడిన కొలోసస్ అనే యంత్రాన్ని అక్కడ మళ్లీ కట్టి పెట్టారు. అందులో గాజు బల్బుల్లాంటి వాల్వులు రెండు వేలకు పైగా. అప్పట్లో దాన్ని నడిపింది ఎక్కువగా ఆడపిల్లలే, నా వయసు వాళ్లు. ఆ గదిలో వెచ్చదనానికి నీ వాల్వుల రేడియో గుర్తొచ్చింది.

2019 ఆగస్టు 15న రిజల్ట్స్. మ్యాథ్స్‌లో బి వచ్చింది, మొదట కోరుకున్న యూనివర్సిటీ పోయింది. చాలా ఏడ్చా. నాన్న ఏమీ అనకుండా టీ పెట్టి ఇచ్చాడు. రెండోదిగా పెట్టుకున్నచోట చేరా. అది నాలుగేళ్ల కోర్సు, మధ్యలో ఒక ఏడాది కంపెనీలో జీతంతో పని. కరోనాలో సగం చదువు ఇంట్లోనే గడిచినా, ఆ ఏడాది వల్లే ఉద్యోగం వచ్చిందని నా నమ్మకం. ఇక్కడ డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అని ఇంకో దారి ఉంది, పని చేస్తూనే చదువు, ఫీజు మనం కట్టక్కర్లేదు. నాకు అప్పుడు దాని గురించి చెప్పినవాళ్లు లేరు.

2023 నుంచి నా పని డబ్బు చెల్లింపుల సాఫ్ట్‌వేర్ మీద. రోజు చివర రెండు వైపులా లెక్క సరిపోవాలి. పోయిన వారం ఒక్క పెన్నీ తేడా వస్తే రాత్రి పదింటి దాకా కూర్చుని పట్టుకున్నా. ఒక్క రూపాయి తేలలేదని లాంతరు దగ్గర పెట్టుకుని నువ్వు కూర్చునేవాడివని నానమ్మ అంటుంది కదా.

సంక్రాంతికి వస్తున్నా. అటక మీద ఉన్న చిట్టాలు పాత కాగితాల వాడికి అమ్మొద్దు. నేను వచ్చాక ఇద్దరం కలిసి దింపుదాం, నువ్వు నిచ్చెన ఎక్కకు.

నీ మనవరాలు