ప్రాథమిక పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులు గారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన అక్కలకు, అన్నలకు, రాలేక హైదరాబాద్, దుబాయ్‌ల నుంచి వాట్సాప్‌లో చదువుకునే మన దోస్తులకు నమస్కారాలు.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. గోడలకు రంగులు, బెంచీలు, నోటు పుస్తకాలు ఎప్పటిలాగే అయ్యాయి. ఈ ఏడాది మాత్రం కార్యవర్గం వేరే పని ముందు పెట్టుకుంది. మన బడిలో, బడి ఆవరణలోనే ఉన్న అంగన్‌వాడీలో ఏ పిల్లా, ఏ పిల్లవాడూ పక్కన పడిపోకుండా చూడాలని అనుకున్నాం. ఎంతవరకు అయిందో, ఎక్కడ ఆగిందో చెబుతాను.

ముందు ర్యాంప్ సంగతి. బడి రిపేర్ల కోసం సర్కారు వేసిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ద్వారా టాయిలెట్లు, నల్లాలు, కరెంటు రిపేర్లు అయ్యాయి. ర్యాంప్ ఆ ఎస్టిమేట్‌లో లేదు. మూడో తరగతిలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న బాబును వాళ్ల నానమ్మ రోజూ చంకన ఎత్తుకొని మెట్లెక్కించేది. అందుకని ర్యాంప్ మనమే కట్టించాలని తీర్మానించాం. మేస్త్రీ ఎనిమిది అడుగుల్లో అయిపోతుందన్నాడు. బడి అరుగు అడుగున్నర ఎత్తు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు వాలు ఉండాలన్నది లెక్క, అంటే మనకు 18 అడుగులు కావాలి. స్థలం లేదని మేస్త్రీ రెండు రోజులు వాదించాడు. చివరికి మన ఉపాధ్యక్షులు గారు సుద్దముక్కతో నేల మీద గీసి చూపించారు: గోడ వెంట కొంత దూరం పోయి, మూల దగ్గర సమంగా ఒక చప్టా, అక్కడి నుంచి తిరిగి అరుగు మీదికి. ఇప్పుడు అలాగే ఉంది. పట్టుకునే పైపు కూడా పెద్దవాళ్ల ఎత్తులో కాకుండా పిల్లల చేతికి అందేలా పెట్టించాం. బాబు తన వాకర్‌తో తానే ఎక్కుతున్నాడు. నానమ్మ కింద నిలబడి చూస్తుంటుంది. సిమెంటు ఇచ్చిన సభ్యుడికి, కూలి తగ్గించుకున్న మేస్త్రీకి, తోటి పిల్లలను ర్యాంప్ మీద జారుడు ఆడకుండా ఆపుతున్న ఐదో తరగతి పిల్లలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం టీచర్ గారికి ప్రత్యేక ధన్యవాదాలు. ఒకటో తరగతిలో ఒక పాప పిలిస్తే పలకదు, మొండి అని పేరు పడిపోయింది. ఆవిడ వచ్చి పాప వెనక నిలబడి గంట మోగించి చూశారు. పాపకు వినపడటం లేదు. ఇప్పుడు చెవికి మిషన్ ఉంది, ముందు బెంచీలో కూర్చుంటోంది. పిల్లలను మొద్దు, మొండి అని పిలవొద్దని ఊళ్లో అందరినీ కోరుతున్నాం. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించే మాటలను కూడా నిషేధించింది. వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో, అందులో 21 రకాల వైకల్యాలు గుర్తించారు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ కోసం ఇంకా ఎదురుచూస్తున్న కుటుంబాలు మన ఊళ్లో ఉన్నాయి. మీసేవలో స్లాట్ దొరకడం, దొరికిన రోజు కూలి మానుకొని జిల్లా ఆసుపత్రికి పోవడం వాళ్లకు ఎంత కష్టమో ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు ఒక్కసారి వచ్చి చూస్తే బాగుండు.

ఇక ఇటుక బట్టీల పిల్లలు. నవంబర్, డిసెంబర్ వచ్చిందంటే ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలు దిగుతాయి, ఎండాకాలం చివర్లో తిరిగి పోతాయి. తల్లిదండ్రులు తెల్లవారకముందే మట్టి తొక్కుతుంటే పిల్లలు ఇటుకలు తిప్పుతూ, చిన్నవాళ్లను చూసుకుంటూ గడిపేవారు. డిసెంబర్‌లో మన సభ్యులు కొందరు బట్టీలకు పోయి కూలీలను తీసుకొచ్చే సర్దార్‌లతో, యజమానులతో మాట్లాడి పిల్లలను బడికి పంపేలా ఒప్పించారు. ఆటో ఖర్చు ఒక యజమాని పెట్టుకున్నారు.

బడి దాకా తేవడం ఒక ఎత్తు, రిజిస్టర్‌లోకి ఎక్కించడం ఇంకో ఎత్తు. టీసీ లేదు, కొందరికి ఆధార్ లేదు, కొందరి పేర్లు ఒడిశా బడుల్లో ఆన్‌లైన్‌లో ఉన్నాయి, రెండు చోట్ల ఉండకూడదన్నారు. వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యా హక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదని 15వ సెక్షన్. టీసీ ఆలస్యమైనా చేర్చుకోవాల్సిందేనని 5వ సెక్షన్. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న చట్టాన్ని 2024లో మనం ప్రింట్ తీసి పట్టుకొని తిరగాల్సి వచ్చింది. హెడ్ మేడమ్ గారు మాత్రం కాగితాల కోసం ఆగలేదు, మొదటి రోజే పిల్లలను తరగతిలో కూర్చోబెట్టారు. ఆమెకు ఈ సభ చప్పట్లతో ధన్యవాదాలు చెప్పాలని కోరుతున్నాను. ఆన్‌లైన్‌లో పేరు లేని పిల్లవాడికి మధ్యాహ్న భోజనం లెక్కలో తలకు వచ్చే 100 గ్రాముల బియ్యం రాదు. పేర్లు ఎక్కేదాకా ఆ బియ్యం మన సంఘమే ఇచ్చింది. బియ్యం ఇచ్చిన మిల్లు యజమానికి, రెండు బస్తాలు మోసుకొచ్చిన యువజన సభ్యులకు కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనమందరం గర్వంగా చెప్పుకోవాల్సింది ఫిబ్రవరి 21న జరిపిన మాతృభాషా దినోత్సవం. మన బడిలో తెలుగు మాట్లాడే పిల్లలతో పాటు తండా నుంచి వచ్చే లంబాడీ పిల్లలు, మసీదు గల్లీలో ఉర్దూ మాట్లాడే పిల్లలు, ఇప్పుడు ఒడిశా పిల్లలు ఉన్నారు. వాళ్లందరి మాటలతో గోడకు ఒక పెద్ద చార్ట్ చేయించాం. ఆవు, కోడి, చెట్టు, నీళ్లు, అన్నం, అమ్మ. ఒక్కో బొమ్మ కింద తెలుగులో, ఒడియా లిపిలో, ఉర్దూలో రాయించాం. లంబాడీకి సొంత లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాలతోనే రాశాం. ఒడియా రాయడానికి పట్నంలో పనిచేసే కటక్ ఆయన ఒకరు వచ్చారు. బట్టీ పిల్లలు చార్ట్ చూసి నవ్వారు, మా ఇంట్లో ఇట్లా అనం అన్నారు. వాళ్లది పశ్చిమ ఒడిశా, ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి. ఆయన నొచ్చుకోకుండా నేల మీద కూర్చొని ఒక్కో మాట అడిగి పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నారు. ఎనిమిదేళ్ల అమ్మాయి ఆయనకు మాట చెబుతుంటే, తరగతిలో ముందు నుంచీ ఫస్ట్ వచ్చే పిల్లలు చుట్టూ మూగి వింటున్నారు. అప్పటిదాకా ఆ అమ్మాయిని ఆటలో కూడా కలుపుకోలేదు. మధ్యాహ్నం తండా అమ్మలు పాటలు పాడారు, బట్టీ అమ్మలు పని మానుకొని రాలేకపోయినా పఖాల చేసి పంపారు. మన చద్దన్నానికి దగ్గరే, పెరుగు, పచ్చిమిరపకాయతో పిల్లలు రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. షామియానా ఇచ్చిన మాజీ సర్పంచ్ గారికి, మైకు సెట్టు వారికి, ఫోటోలు తీసిన తమ్ముడికి, అన్నీ దగ్గరుండి చూసుకున్న అంగన్‌వాడీ టీచర్ అమ్మకు, ఆయమ్మకు పేరుపేరునా ధన్యవాదాలు. మండల విద్యాధికారి గారిని ఆహ్వానించాం. ఆయనకు ఇంకో మండలం అదనపు బాధ్యత ఉందట, రాలేదు.

భోజనాల విషయం సభలో మాట్లాడటం కొందరికి ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. అయినా రికార్డులో ఉండాలి. జులైలో ఎస్సీ కాలనీ అక్క వంట మొదలుపెట్టిన తర్వాత కొన్ని ఇళ్ల నుంచి పిల్లలకు టిఫిన్ బాక్సులు రావడం మొదలైంది. ఎవరూ బయటికి కారణం చెప్పలేదు, అందరికీ తెలుసు. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. డెబ్బై దాటిన మన అధ్యక్షులు గారు వరుసగా కొన్ని రోజులు పిల్లల మధ్య నేల మీద కూర్చొని ఆ అక్క వడ్డించిన అన్నం, పప్పు తిన్నారు, తన మనవడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. బాక్సులు చాలావరకు ఆగిపోయాయి. రెండు ఇళ్ల నుంచి ఇంకా వస్తున్నాయి. ఆ పెద్దలు మన సంఘం సభ్యులే. దయచేసి ఆపండి. వాడలవారీగా కూర్చునే అలవాటు పోవడానికి ఇప్పుడు హాజరు నంబరు ప్రకారం వరుస వేస్తున్నారు.

తరగతి ఊడ్చే పని ఆడపిల్లలకే పడుతుండేది. టీచర్లతో మాట్లాడాక వారానికో జట్టు చొప్పున అందరూ చేస్తున్నారు. కొడుకును ప్రైవేటు ఇంగ్లిష్ మీడియానికి, బిడ్డను మన బడికి పంపే ఇళ్లు మనలోనే ఉన్నాయి. మన బడికి పంపడం తప్పని కాదు, ఇద్దరినీ పంపమనే అడుగుతున్నాం.

జమాఖర్చుల పత్రం చివర జతచేశాం. రశీదులన్నీ కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు. పెద్ద ఖర్చు ర్యాంప్, తర్వాత ఆటో, బియ్యం. సభ ఆమోదం కోరుతున్నాం.

బాధతో ఒక మాట. సాయంత్రం పూట ఒడిశా పిల్లలకు, వెనకబడిన పిల్లలకు పాఠాలు చెబుతామని దసరా సమావేశంలో చాలామంది పేర్లు రాయించుకున్నారు. సంక్రాంతి దాటేసరికి ఇద్దరు అక్కలు, ఒక డిగ్రీ తమ్ముడు తప్ప ఎవరూ లేరు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నామంటారు. పిల్లలు చాప పరుచుకొని కూర్చొని గేటు వైపు చూస్తుంటే సమాధానం చెప్పుకోవాల్సింది ఆ ముగ్గురే. వీలుకాకపోతే ముందే చెప్పండి, పేరు రాయించుకోవద్దు. పంచాయతీకి సర్పంచ్ లేక ప్రత్యేకాధికారి ఉన్నందున తాగునీటి పైపు అర్జీ ఎక్కడ ఆగిందో కనుక్కోవడమే పెద్ద పనైంది.

వచ్చే ఏడాది చేయాల్సినవి: అంగన్‌వాడీ గుమ్మానికి కూడా ర్యాంప్, పిల్లల ఎత్తులో టాయిలెట్, నవంబర్ కంటే ముందే బట్టీ యజమానులతో సమావేశం, బట్టీ పిల్లలు తిరిగి వెళ్లేటప్పుడు చదివిన తరగతి రాసిచ్చే కాగితం. సాయంత్రం తరగతులకు కొత్త జాబితా ఈ సభలోనే తయారుచేస్తాం. ఈసారి పేరు పక్కన వారం, సమయం కూడా రాయాలి. చందా బకాయి ఉన్నవాళ్లు భోజనాలకు లేచేముందు కోశాధికారి గారిని కలవండి.

ఇట్లు,
కార్యదర్శి