తడిసినవి ముప్పై ఎనిమిది, వచ్చినవి అరవై ఒకటి

అందరికీ నమస్కారం. మొన్న సెప్టెంబర్ 17న హనుమకొండలో మా కాలనీ పిల్లల లైబ్రరీలో, అమర్ చిత్ర కథ బొమ్మల పుస్తకాలు మొదలుపెట్టిన అనంత్ పాయ్ మీద పెట్టుకున్న కార్యక్రమం బాగా జరిగింది. మీరు లేకపోతే జరిగేది కాదు. విడివిడిగా ఫోన్లు చేసి చెప్పాలంటే ఎవరో ఒకరిని మర్చిపోతానని ఇక్కడే రాస్తున్నాను.

జరిగింది కొందరికి తెలుసు. మా నాన్న ట్రంకు పెట్టెలో దాచిన అమర్ చిత్ర కథలు ముప్పై ఎనిమిది, ఊరి నుంచి పార్సిల్‌లో తెప్పించాను. ఆ ఆఫీసు వాళ్లు పెట్టెను రాత్రంతా రేకుల షెడ్డు బయట వదిలేశారు. ఆ రాత్రే వాన. పొద్దున వెళ్లి తెరిస్తే పుస్తకాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఇటుకల్లా ఉన్నాయి. కార్యక్రమానికి ఇంకా తొమ్మిది రోజులే. ఆ టెన్షన్‌లో రాత్రి పదకొండుకి మన గ్రూపులో నాలుగు లైన్లు పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి డెబ్బై మెసేజ్‌లు.

ముందు చెప్పాల్సింది నిజామాబాద్ బైండింగ్ సార్ గురించి. ఎండలో పెట్టొద్దు, ఇస్త్రీపెట్టె అస్సలు తాకించొద్దు, పుస్తకాలను పాలిథిన్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టమన్నారు. బూజు పట్టకుండా ఆగుతుందట, తర్వాత తీరిగ్గా ఒక్కోటి తీసి ఆరబెట్టుకోవచ్చట. మా ఇంట్లో అంత పెద్దది లేదు. వీధి చివర ఐస్‌క్రీమ్ షాపు అన్న తన ఫ్రీజర్లో ఒక అర ఖాళీ చేసి ఇచ్చాడు. నాలుగు రోజులు బటర్‌స్కాచ్ పక్కనే భీష్ముడు, శివాజీ పడుకున్నారు. బయటికి తీశాక తుప్పు పట్టిన పిన్నులు ముందు ఊడదీసి, పేజీకి పేజీకి మధ్య తెల్ల టిష్యూ పెట్టి ఆరబెట్టాం. న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు బొమ్మల మీదికి ఎక్కుతాయని ఆయన ముందే హెచ్చరించారు. ముప్పై ఎనిమిదిలో ఇరవై రెండు బతికాయి.

మిగతా లోటు మీరు తీర్చారు. ఖమ్మం అక్కయ్య పద్నాలుగు పంపింది. ఇంకొకాయన ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మొత్తం గాలించి తొమ్మిది పట్టుకొచ్చి, డబ్బులిస్తానంటే కోప్పడ్డారు. డల్లాస్ నుంచి ఒక తమ్ముడు, మలక్‌పేటలో వాళ్లమ్మగారి అటక మీదున్న సంచిని ఆటోలో బస్టాండుకి చేర్పించాడు. అలా మీ నుంచి వచ్చినవి అన్నీ కలిపి అరవై ఒకటి.

'అనంత్ పాయ్ ఎవరు, ఎందుకింత హడావిడి' అని కొందరు అడిగారు కాబట్టి, పిల్లలకు చెప్పిందే ఇక్కడా చెప్తాను. 1929లో కర్ణాటకలోని కార్కళలో పుట్టారు. రెండేళ్లు నిండేసరికే అమ్మానాన్న ఇద్దరూ పోయారు. పన్నెండేళ్లప్పుడు ముంబై చేరారు. చదివింది కెమికల్ టెక్నాలజీ, మనసు మాత్రం పిల్లల పుస్తకాల మీద. 1954లో 'మానవ్' అని పిల్లల పత్రిక పెట్టి చేతులు కాల్చుకున్నారు. తర్వాత టైమ్స్ ఆఫ్ ఇండియాలో చేరారు. 1964లో అక్కడి నుంచి ఇంద్రజాల్ కామిక్స్ మొదలైంది, ఫాంటమ్ అనే ముసుగు వీరుడి కథలతో. దాని వెనక ఉన్నది ఈయనే.

1967లో ఢిల్లీలో టీవీలో ఒక క్విజ్ చూశారు. గ్రీకు దేవతల గురించి టకటకా చెప్పిన పిల్లలు రాముడి తల్లి పేరు అడిగితే నోరు తెరవలేదు. ఇది విని మనవాళ్లు 'ఈ కాలం పిల్లలు' అని మొదలుపెడతారు. ఆ పిల్లలకు ఇప్పుడు డెబ్బై దరిదాపుల్లో ఉంటాయని గుర్తుచేయాల్సి వచ్చింది. పాయ్ గారు పిల్లల్ని తిట్టలేదు. ఉద్యోగం వదిలేసి, ఇండియా బుక్ హౌస్ అనే ప్రచురణ సంస్థ మీర్చందానీ గారిని ఒప్పించి అమర్ చిత్ర కథ మొదలుపెట్టారు. మన కథల్లో తొలి పుస్తకం 'కృష్ణ'. రాసింది ఆయన, బొమ్మలు రామ్ వాయీర్కర్. దాని నంబరు మాత్రం 11. ముందున్న పది సిండ్రెల్లా లాంటి విదేశీ కథలు.

ఆ 'కృష్ణ' మొదట్లో నత్తనడకన అమ్ముడైంది. తర్వాతి సంగతి మీకు తెలిసిందే, తెలుగులో కూడా వచ్చింది కదా. 1980లో ట్వింకిల్... కాదు, టింకిల్ అనే పిల్లల పత్రిక. మా నాన్న చివరిదాకా ట్వింకిల్ అనే అన్నారు, నాకూ అదే అలవాటు. అందులో పిల్లల ఉత్తరాలకు ఆయన 'అంకుల్ పాయ్' అయ్యారు. అందులో తిక్క పనులతో నవ్వించే సుప్పండి కూడా ముంబై ఆఫీసులో పుట్టినవాడు కాదు. తిరుచ్చి నుంచి ఒక పాఠకుడు పంపిన కథల్లోంచి వచ్చాడు. ఈ మాట చెప్పగానే వెనక వరసలో ఒకడు లేచి, 'అయితే నేనూ పంపొచ్చా' అన్నాడు.

నేను దాచకుండా చెప్పిన సంగతి ఇంకోటుంది. అట్ట మీద ఒక్కరి పేరే కనిపించినా లోపల చాలా కలాలు పనిచేశాయి. కమలా చంద్రకాంత్, సుబ్బారావు, మార్గీ శాస్త్రి, లూయిస్ ఫెర్నాండెజ్... 'మీరాబాయి'కి బొమ్మలు గీసింది యూసుఫ్ లియెన్. ఈ పేర్లు చార్టు మీద పెద్దక్షరాలతో రాసిచ్చిన టెన్త్ క్లాసు అమ్మాయికి ప్రత్యేకంగా థ్యాంక్స్. ఇదే అమ్మాయి తర్వాత, 'రాక్షసులందరూ నల్లగానే ఎందుకున్నారు సార్' అని అడిగింది. ఈ విమర్శ పెద్దవాళ్లూ చేశారని, న్యాయమైనదేనని చెప్పాను. అభిమానం ఉందని ఆ బొమ్మల్ని నేను వెనకేసుకు రాలేను.

పిల్లలతో చిన్న పని చేయించాం. తెనాలి రామకృష్ణుడి కథ ఒకటి ఇచ్చి ఆరు గళ్లలో రాయమన్నాం. ఒకరు రాయాలి, ఇంకొకరు గీయాలి. ఒక పాప మూడో గడిలో 'రామకృష్ణుడు తెలివిగా నవ్వాడు' అని రాసింది. గీసే అబ్బాయి పెన్సిల్ పక్కన పెట్టి, 'తెలివిగా నవ్వడం ఎట్ల గీయాలె? ఏం చేస్తుండో చెప్పు' అన్నాడు. పాప కాసేపు గోరు కొరుక్కుని ఆ వాక్యం కొట్టేసి, 'ఒక కన్ను మూసి, సంచి వెనక దాచుకున్నాడు' అని రాసింది. కామిక్ రాసేవాళ్ల పని ఇదేనని నేను పావుగంట చెప్పినా అర్థం కానిది అక్కడ అర మినిట్లో తేలిపోయింది.

పాయ్ గారు 2011 ఫిబ్రవరి 24న ముంబైలో గుండెపోటుతో పోయారు. మన దేశంలో తొలి కామిక్ కాన్ (కామిక్స్ అభిమానుల మేళా) జరిగి ఆయనకు జీవన సాఫల్య పురస్కారం ఇచ్చింది అదే నెలలో.

ఇంకొన్ని థ్యాంక్స్ మిగిలాయి. హైదరాబాద్ సంస్థానం దేశంలో కలిసిన రోజు కదా, ఆ రోజు పొద్దున ఊరంతా జెండాల హడావిడి, మైకు సెట్టు ఎక్కడా దొరకలేదు. గణపతి మండపం కుర్రాళ్లు వాళ్లది రెండు గంటలు ఇచ్చారు (మధ్యలో ఒకసారి పాట దానంతట అదే మోగింది, పర్లేదు). ఉప్మా చేసిన ఇద్దరు వదినలకు, కుర్చీలు మోసిన పిల్లలకు కూడా.

అప్పుగా ఇచ్చినవాళ్ల పుస్తకాలు వచ్చే ఆదివారంలోపు తిరిగి పంపుతాను. కవర్ల మీద పేర్లు రాసి పెట్టాను. రెండు మాత్రం ఎవరివో తెలియడం లేదు. ఒకటి 'కర్ణ', అట్ట చిరిగి సెల్లోటేప్ అంటించి ఉంది. ఇంకోటి 'తెనాలి రామన్', లోపలి పేజీలో నీలం సిరాతో '4వ తరగతి, బి సెక్షన్, ఎవరైనా తీస్తే కళ్లు పోతాయి' అని ఉంది. ఎవరిదో చెప్పండి, భయంగా ఉంది.