అసెంబుల్డ్ సిస్టమా, బ్రాండెడ్ వర్క్‌స్టేషనా? మన షాపు కస్టమర్లకు ఉన్నది ఉన్నట్టు

విజయనగరం టౌన్ నుంచే కాదు, బొబ్బిలి, చీపురుపల్లి, రాజాం నుంచి వచ్చేవాళ్లు కూడా ఈమధ్య ఇదే అడుగుతున్నారు: విడి పార్టులతో మీ దగ్గర కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోమంటారా, లేకపోతే బరువైన పనుల కోసం కంపెనీలే తయారుచేసే వర్క్‌స్టేషన్, అంటే హెచ్‌పీ జెడ్ సిరీసో, డెల్ ప్రెసిషనో (2025లో దీని పేరు ప్రో మ్యాక్స్‌గా మార్చారు) కొనుక్కోమంటారా అని. నాది అసెంబ్లింగ్ షాపే. అయినా కొంతమందికి బ్రాండెడే కొనమని చెబుతున్నాను, ఎందుకో రాస్తాను.

సాలిడ్‌వర్క్స్, కాటియా లాంటి 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్లు నడిపేవాళ్లు, రాత్రంతా స్ట్రక్చరల్ ఎనాలిసిస్ రన్ పెట్టి పొద్దున్న రిజల్ట్ చూసుకునేవాళ్లు బ్రాండెడ్ తీసుకోండి. ఆ మోడల్‌ని, దాని గ్రాఫిక్స్ డ్రైవర్‌ని సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లే టెస్ట్ చేసి సర్టిఫై చేస్తారు, తేడా వస్తే అడగడానికి ఒక దారి ఉంటుంది. ఈసీసీ మెమరీ (తప్పుల్ని తనే దిద్దుకునే ర్యామ్) ఉన్న మోడల్ అయితే మెమరీలో ఒక బిట్ తారుమారైనా అదే సరిచేసుకుంటుంది. కాకపోతే వీటిలో చాలావాటికి మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై ఇచ్చే పెట్టె) కంపెనీ సొంత సైజులో ఉంటాయి, వారంటీ అయిపోయాక బజార్లో దొరికేవి పట్టవు. అందుకే ఆన్‌సైట్ వారంటీ ఎన్నేళ్లో, మన ఊరికి వర్తిస్తుందో లేదో కాగితం మీద చూసుకున్నాకే డబ్బు కట్టండి.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లకు అంత ఖర్చు అనవసరం. మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. కెమెరా 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీలో (రంగుల వివరం ఎక్కువగా ఉంచుతూ బాగా కుదించే వీడియో ఫార్మాట్) రికార్డు చేస్తుంటే, ఆ ఫుటేజీ టైమ్‌లైన్ మీద ఆగకుండా నడవడానికి ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ బాగా పనికొస్తుంది. మోడల్ నంబరు చివర ఎఫ్ ఉంటే అది ఉండదు. రేటు కాస్త తగ్గుతుందని ఎవరైనా ఎఫ్ మోడల్ అంటగడితే ఒప్పుకోకండి. విడిగా వేసే ఎన్‌విడియా జీఫోర్స్ గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ 4:2:2 ఫుటేజీ నడిపే సౌకర్యం 50 సిరీస్‌తోనే వచ్చింది.

ఆటోకాడ్‌లో ఇంటి ప్లాన్లు గీసేవాళ్లయితే జియాన్ (వర్క్‌స్టేషన్లలో, సర్వర్లలో వాడే ఇంటెల్ ప్రాసెసర్) మాటే మర్చిపోండి. ఆ పని చాలావరకు ఒకే కోర్ మీద నడుస్తుంది, క్లాక్ స్పీడ్ ఎక్కువున్న ఐ5 చాలు.

ఇక ర్యామ్ రేట్లు. ఏఐ డేటా సెంటర్లకు అమ్ముకుంటే లాభం ఎక్కువని మెమరీ కంపెనీలు 2025 నుంచి అటు తిరిగిపోయాయి, దాంతో మనకు ర్యామ్ రేట్లు పెరిగాయి; ఆ డిసెంబరులో మైక్రాన్ అయితే మామూలు కస్టమర్లకు అమ్మే తన క్రూషియల్ బ్రాండ్ అమ్మకాలే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. రేటు చెప్పి వారం తర్వాత మాట మార్చడం నాకు ఇష్టం లేదు, కాబట్టి ఇకనుంచి కొటేషన్ ఆ ఒక్క రోజుకే. బడ్జెట్ చాలకపోతే 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్ వేసి రెండో స్లాట్ ఖాళీగా ఉంచుతాను, స్పీడ్ కొంచెం తగ్గినా తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు.

జీఎస్టీ బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాసిస్తాను, వారంటీ దేనికది వేరు కాబట్టి బిల్లు భద్రంగా పెట్టుకోండి. వచ్చేటప్పుడు మీరు రోజూ చేసే పనిలో బాగా బరువైన ప్రాజెక్టు ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో తెండి, షాపులో సిస్టమ్ మీద నడిపి చూశాకే రేటు మాట్లాడుకుందాం.