క్లైమాక్స్‌లో చంపకపోతే సినిమా చప్పనా?

సంపాదకుల వారికి నమస్కారం.

సీరియల్ కిల్లర్‌ని వేటాడే ఒక చిన్న బడ్జెట్ థ్రిల్లర్ మీద ప్రేక్షకుల అభిప్రాయాలు మీ ఆదివారం సంచికలో పేజీ నిండా వేశారు. అన్నీ చదివాను. ఫస్టాఫ్ ల్యాగ్ అన్నవాళ్లున్నారు, బీజీఎం దంచేశాడన్నవాళ్లున్నారు, హంతకుడెవరో ఇంటర్వెల్‌కే పట్టేశామని మీసం మెలేసినవాళ్లూ ఉన్నారు. టికెట్ కొన్నవాళ్ల మాట వాళ్లది, దాంతో నాకు పేచీ లేదు. కానీ చాలామంది ఒక్క దగ్గర కలిశారు. హంతకుణ్ని బేడీలు వేసి జీపెక్కించడంతో క్లైమాక్స్ చప్పబడిపోయిందట. అక్కడికక్కడే వేసెయ్యాల్సిందట. నా ఉత్తరం ఆ మాట గురించే.

ఈ రకం సినిమా చిన్న నిర్మాతలకు ఎందుకు గిట్టుబాటో అందరికీ తెలిసిందే. ఒక పాత బంగళా, నాలుగు రాత్రుల వాన, హుడీలో ముఖం దాచుకున్న మనిషి ఉంటే సగం సినిమా అయిపోతుంది. పెద్ద హీరో అక్కర్లేదు, ఫారిన్ పాటలు అక్కర్లేదు. మన ప్రేక్షకులు కూడా వీటి విషయంలో దయగానే ఉంటారు. సెట్టు వెలవెలబోయినా, నటులు కొత్తవాళ్లయినా టెన్షన్ తగ్గకపోతే చాలు. తమిళంలో 2018లో వచ్చిన 'రాట్చసన్' పెద్ద తారలు లేకుండానే ఆడింది. మరుసటి ఏడాది ఆగస్టులో అదే కథ 'రాక్షసుడు'గా వస్తే మనవాళ్లూ ఊపిరి బిగబట్టి చూశారు. (అందులో జబ్బుతో రూపం మారి, బడిలో ఎగతాళి పాలైన పిల్లవాడే పెద్దయ్యాక హంతకుడవుతాడు. జబ్బుకీ నేరానికీ ఈ ముడి వెయ్యడం మన రచయితలు ఎప్పుడు మానేస్తారో!)

చంపితే గానీ తృప్తి లేదనే రుచి ఎలా పెరిగిందో 'హిట్' పేరుతో వచ్చిన తెలుగు సినిమాల వరసలోనే కనిపిస్తుంది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి భాగం ఔటర్ రింగ్ రోడ్డు మీద మాయమైన ఒక అమ్మాయి కేసు. హీరో పాత గాయాలు మోస్తున్న పోలీసు. సాక్ష్యం కోసం తిరుగుతాడు, తప్పుదారులు పడతాడు, మళ్లీ వెనక్కొస్తాడు. 2025 మేలో వచ్చిన మూడో భాగానికి 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో పోలీసు అధికారే హంతకుల ముఠాలోకి దూరడానికి వాళ్ల పద్ధతిలో చంపుతాడు. ఐదేళ్లలో సినిమా సైజు పెరిగింది, బడ్జెట్ పెరిగింది, రక్తమూ పెరిగింది. తీసినవాళ్లను ఒక్కళ్లనే అని ఏం లాభం, ఈలలు వేసింది మనమే కదా.

హాల్లో వేసిన ఈల హాల్లోనే ఆగిపోతే ఈ ఉత్తరం రాసేవాణ్నే కాదు. 2019 డిసెంబరు 6 ఉదయం చటాన్‌పల్లి దగ్గర, 'దిశ' అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం వెళ్లి పోలీసుల మీద పూలు చల్లారు. ఆ ఉదయం నా తోటి ఉద్యోగులు కూడా మిఠాయిలు పంచుకున్నారు. జిల్లా కోర్టులో పనిచేస్తున్నవాళ్లం మేము! ఆ తర్వాత సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్‌ని వేసింది. 2022 మేలో బయటికొచ్చిన ఆ నివేదిక, పోలీసులు ప్రాణాలు తీసే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. పూలు చల్లిన రోజు ఆ వార్త ఎంత పెద్దగా వచ్చిందో, ఈ నివేదిక ఎంత చిన్నగా వచ్చిందో పాత సంచికలు తిరగేస్తే మీకే తెలుస్తుంది.

అదే కేసులో ఇంకో సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. రాత్రి అమ్మాయి ఇంటికి రాలేదని ఇంట్లోవాళ్లు స్టేషన్‌కి వెళితే, ఇది మా పరిధిలోకి రాదంటూ జాప్యం చేశారు. దానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. మన థ్రిల్లర్లలో ఈ సీను ఉండదు. మూడో శవం దొరికాక, స్లో మోషన్‌లో దిగే హీరోతోనే కథ మొదలవుతుంది. మొదటి అమ్మాయి తండ్రి స్టేషన్ బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నాడో, ఫిర్యాదు రాసుకునే పోలీసు రైటర్ ఆయనతో ఏమన్నాడో మనకు చూపించరు. చూపిస్తే అదే ల్యాగ్ అంటాం.

నిజంగా మన దగ్గర వరస హత్యలు చేసినవాళ్లకి సినిమా హంతకుడి తెలివితేటలేమీ లేవు. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని హాజీపూర్‌నే చూడండి. 2019 ఏప్రిల్‌లో బడి నుంచి వస్తున్న ఒక పిల్ల పాడుబడ్డ బావిలో శవమై దొరికింది. తవ్వుతూ పోతే మరో ఇద్దరి సంగతి బయటపడింది. వాళ్లలో ఒక పాప మాయమైంది 2015లో, అప్పటికి పదకొండేళ్లది. చేసినవాడు ఆ ఊరివాడే. బొమ్మలు చేసేవాడు కాదు, చదరంగం ఆడేవాడు కాదు, పోలీసులకు పొడుపుకథలు పంపేవాడు అంతకన్నా కాదు. సరైన బస్సు లేని ఊరికి నడిచిపోతున్న పిల్లలకు బైకు మీద లిఫ్ట్ ఇచ్చేవాడు, అంతే. పిల్లల మీద లైంగిక నేరాలను విచారించే నల్గొండ పోక్సో కోర్టు 2020 ఫిబ్రవరి 6న అతనికి ఉరిశిక్ష వేసింది. శవం దొరికిన పది నెలల లోపే తీర్పు! ఎవరూ ఎవర్నీ కాల్చలేదు. ఆ పది నెలల్లో సాక్షుల్ని నిలబెట్టడానికి, ల్యాబ్ రిపోర్టులు తెప్పించడానికి జరిగిన పని మీద ఒక సినిమా తీస్తే ఖర్చు ఎంతని?

మా వరంగల్ దగ్గరి గొర్రెకుంట సంగతి ఇంకా దారుణం. 2020 మే నెల, లాక్‌డౌన్ రోజులు. గోనెసంచుల కార్ఖానా పక్క బావిలో తొమ్మిది శవాలు తేలాయి. బతుకుతెరువు కోసం బెంగాల్, బీహార్, త్రిపురల నుంచి వచ్చినవాళ్లు వాళ్లు. మొదట ఆకలికి ఆత్మహత్య చేసుకున్నారేమో అన్నారు. వాళ్లకు తెలిసినవాడే ఒకడు అన్నంలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉండగానే ఒక్కొక్కర్నీ బావిలో పడేశాడని తర్వాత తేలింది. సీసీ కెమెరాలో అతను సైకిల్ మీద వచ్చిపోవడం దొరికింది. ఎందుకు చంపాడయ్యా అంటే, వాళ్లలో ఒక కుటుంబానికి చెందిన ఆడమనిషిని మార్చిలోనే రైల్లో చంపి, నిడదవోలు దగ్గర బయటికి తోసేశాడు. ఆమె ఏదని ఇంటివాళ్లు నిలదీసి, పోలీసులకు చెబుతామనేసరికి అందర్నీ లేకుండా చేశాడు. అక్టోబరు 28న వరంగల్ కోర్టు ఉరిశిక్ష విధించింది. అది కూడా అయిదు నెలల్లోనే.

మార్చికీ మేకీ మధ్య ఉన్న రోజులు చూడండి. పశ్చిమ గోదావరిలో రైలు పట్టాల పక్కన పేరు తెలియని ఒక స్త్రీ శవం. వరంగల్లో ఆమె ఊరికి వెళ్లిపోయిందని నమ్మిన చుట్టాలు. ఈ రెంటినీ కలిపినవాళ్లు లేరు. కలిసుంటే తొమ్మిది ప్రాణాలు మిగిలేవేమో. క్లైమాక్స్ ఫైటు లేకుండా ఇంత సస్పెన్సు ఏ రచయితకు దొరుకుతుంది?

కాబట్టి అభిప్రాయాలు చెప్పే ప్రేక్షక మిత్రులతో నాదొక మనవి. ఈసారి ఇలాంటి సినిమా చూసొచ్చాక, హీరో ఎంతమందిని చంపాడన్నదానితో పాటు మొదటి ఫిర్యాదు ఏమైందో కథలో చెప్పారా అని కూడా అడగండి. మీరు అడిగితే రాస్తారు. మన రచయితలు మీ మాటే వింటారు, నాలాంటి రిటైరైన గుమస్తా మాట ఎవరు వింటారు!

ఇక స్టేషన్ల సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నది దీన్నే. ఇది మా పరిధి కాదు అని చెప్పే అవకాశం చట్టంలో లేదు. ఈ ముక్కని ప్రతి స్టేషన్ గుమ్మం దగ్గర పెద్ద తెలుగు అక్షరాలతో రాయించమని రెండు రాష్ట్రాల డీజీపీలనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మీకూ ఒక విన్నపం ఉంది. 'గుర్తు తెలియని మృతదేహం లభ్యం' అనే మూడు లైన్ల వార్తలు మీ జిల్లా పేజీల్లో దాదాపు రోజూ వస్తాయి. కానీ తాడేపల్లిగూడెం పేజీలో పడింది హనుమకొండలో ఎవరికీ కనబడదు. రైల్లో వెళుతూ చనిపోయిన మనిషి తాలూకు వాళ్లు ఆ జిల్లాలోనే ఉండాలనేముంది? వారానికొకసారి, రెండు రాష్ట్రాల్లోని ఈ వార్తలన్నీ ఒక్కచోట చేర్చి మెయిన్ పేజీల్లో సగం పేజీ ఇవ్వండి. వయసు, ఎత్తు, చీర రంగు, పచ్చబొట్టు, దొరికిన చోటు, ఏ స్టేషన్‌కి ఫోన్ చెయ్యాలో ఇస్తే చాలు. చోటు లేదంటారేమో. సినిమా పేజీలో రేటింగుల బాక్సు పక్కన ఆ మాత్రం జాగా ఉంటుంది.

– కోర్టు గుమస్తాగా రిటైరైన ఒక పాఠకుడు, హనుమకొండ