స్కౌట్ బిళ్ళలను తూకానికి వేయకండి

సంపాదకుల వారికి,

అయ్యా,

గత నెలలో తిరుపతి కొర్లగుంటలోని ఒక పాత సామాన్ల కొట్టులో నా కళ్ళతో చూసిన సంగతిని మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. అరిగిపోయిన ఇత్తడి కుళాయిలు, విరిగిన తాళాలు, గంట నాలుకలు నిండిన గోనెసంచిని కొట్టు యజమాని నేల మీద బోర్లించినప్పుడు, వాటి మధ్య నుంచి ఇరవైకి పైగా స్కౌట్ పతకాలు, బిళ్ళలు బయటపడ్డాయి. ఒక బడిలో బీరువా ఖాళీ చేస్తూ వీటిని కూడా ఇత్తడి లెక్కలోనే పంపించారట. ఆ బడి పేరు రాయడం నా ఉద్దేశం కాదు. ఇరవై రెండేళ్ళు స్కౌట్ మాస్టరుగా పనిచేసిన నేను కూడా నా బడి బీరువాలో ఏముందో పదవీ విరమణకు ముందు ఒక్కసారైనా పూర్తిగా చూసినవాణ్ణి కాను. ఇత్తడి ధర మీద కొంచెం ఎక్కువే ఇచ్చి వాటన్నింటినీ తెచ్చుకున్నాను.

పాత నాణేలన్నా పతకాలన్నా మన ఊళ్ళలో రెండే అభిప్రాయాలు వినిపిస్తాయి. ఒకటి, ఇవి చెత్త. రెండు, ఇవి లక్షలు పలుకుతాయి. మొదటి అభిప్రాయం వల్ల వస్తువు పోతుంది, రెండో అభిప్రాయం వల్ల డబ్బు పోతుంది. తన పేరు వాడుకొని పాత నాణేలు, నోట్లు కొంటామంటూ రుసుములు, కమీషన్లు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చినా, మా వీధిలోనే ఒక పెద్దమనిషి ఫోనులో అడిగినవాడికి ముందస్తు సొమ్ము పంపించి మోసపోయారు. స్కౌట్ బిళ్ళలు ఈ రెండు తక్కెడల్లోనూ తూగవు. వాటిలో చాలావాటికి అంగట్లో వచ్చేది స్వల్పమే. ఎవరు ఎప్పుడు ఎందుకు అచ్చు వేయించారో, ఎవరి జేబులో తిరిగిందో తెలిసినప్పుడే వాటికి విలువ.

ఒక ఉదాహరణ చెబుతాను. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో నడిపిన శిబిరంతో స్కౌటు ఉద్యమం మొదలైందని లెక్కించి, నూరేళ్ళ సందర్భంగా 2007లో బ్రిటన్ ఏడు మూలల యాభై పెన్స్ నాణేన్ని విడుదల చేసింది. భూగోళం మీద స్కౌట్ల మూడు రేకుల లిల్లీ గుర్తు, ‘సిద్ధంగా ఉండు’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు నినాదం, 1907, 2007 అనే సంవత్సరాలు దాని మీద ఉంటాయి. ఎనిమిది గ్రాముల ఈ నాణెం చిల్లరలో చెలామణీ అయినదే. మా పక్కింటి అబ్బాయి లండన్ నుంచి వచ్చినప్పుడు జేబులో మిగిలిన చిల్లరతో పాటు నా చేతిలో పెట్టాడు. మన పాత పదకొండు మూలల రెండు రూపాయల నాణెం పక్కన పెట్టి చూపిస్తే, మూలలు లెక్కపెట్టడానికి బడి పిల్లలు పోటీపడతారు. ఇవి 77 లక్షలకు పైగా ముద్రితమయ్యాయి. ఇదే నాణేన్ని ‘అత్యంత అరుదైనది’ అంటూ ఒకాయన నాకు ఎనిమిది వేలకు అమ్మజూపారు. ఎన్ని వేశారో తెలుసుకోకుండా అరుదు అనే మాట వాడేవారి దగ్గర ఏమీ కొనకూడదన్నది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న నియమం.

అమెరికాలో 2010లో బాయ్ స్కౌట్ల శతాబ్ది వెండి డాలరు వచ్చింది. గరిష్ఠంగా 3,50,000 నాణేలకు చట్టం అనుమతించగా అన్నీ అమ్ముడుపోయాయి. ఒక్కొక్క నాణెం మీద పది డాలర్లు అదనంగా వసూలు చేసి స్కౌట్ సంస్థకు ఇచ్చారు. 2013లో గర్ల్ స్కౌట్ల శతాబ్ది డాలరుకూ అదే పరిమితి పెట్టినా, సగం కూడా అమ్ముడుపోలేదు. అంటే ఆడపిల్లల నాణేలే సంఖ్యలో తక్కువ. అయినా నన్ను అడిగేవారందరూ మొదటిదాన్నే అడుగుతారు. రెండూ తొంభై శాతం వెండివే కాబట్టి, వెండి ధర పెరిగినప్పుడల్లా ఇటువంటివి ఎన్ని మూసల్లోకి పోతాయో అన్న దిగులు నాకుంది.

అయితే ఈ సేకరణలో అసలు రుచి ప్రభుత్వ నాణేలలో లేదు. సంఘాలు, శిబిరాలు, దుకాణాలు వేయించుకున్న టోకెన్లలో ఉంది. రోజుకొక మంచిపని చేయాలన్న నియమాన్ని గుర్తు చేయడానికి పిల్లలకు ఒక బిళ్ళ ఇచ్చే అలవాటు అమెరికా స్కౌట్లలో ఉంది. పొద్దున్నే దాన్ని ఎడమ జేబులో వేసుకోవాలి, మంచిపని చేసిన తరువాత కుడి జేబులోకి మార్చుకోవాలి. నా దగ్గరున్న అటువంటి బిళ్ళ ఒక వైపు అక్షరాలు దాదాపు కనబడనంతగా అరిగిపోయింది. అంగడివారి దృష్టిలో అది నాసిరకం. నేను మాత్రం మెరిసే బిళ్ళ పదింటిని ఇచ్చినా దాన్ని మార్చుకోను.

ఇంకో వింత ఉంది. 1911 ప్రాంతపు బ్రిటిష్ స్కౌట్ల మెరిట్ పతకం మీద, కృతజ్ఞతగా ఇచ్చే బ్యాడ్జి మీద లిల్లీ గుర్తుతో పాటు స్వస్తిక్ ఉండేది. దాన్ని అప్పట్లో పడమటి దేశాలలో కూడా శుభచిహ్నంగానే వాడేవారు. జర్మనీలో నాజీలు ఆ గుర్తును తమదిగా చేసుకున్నాక, 1930ల మధ్యలో స్కౌట్లు దాన్ని వదులుకోవలసి వచ్చింది. అందువల్ల విదేశాలలో ఇటువంటి బ్యాడ్జి చూసి కంగారుపడేవారు ఉంటారు. దుకాణం ఖాతా పుస్తకం మొదటి పుటలో పసుపుతో స్వస్తిక్ వేసే మనకు ఆ కంగారు అర్థం కావడానికే కొంత సమయం పడుతుంది.

ఈ చరిత్రలో మన సీమకు వాటా లేదనుకోవద్దు. తొలి రోజుల్లో తెల్లవారి పిల్లలకే పరిమితమైన స్కౌటింగును మన పిల్లలకు అందించాలని, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్న కాలంలో అనీబిసెంట్, ఆమె సహచరుడు అరండేల్ మద్రాసు కేంద్రంగా భారతీయ బాలుర స్కౌట్ సంఘాన్ని పెట్టారు. టోపీకి బదులు తలపాగా పెట్టించారు. అదే కాలంలో, 1915లో, ఆమె నడిపిన దివ్యజ్ఞాన సమాజం ఆధ్వర్యంలో మదనపల్లెలో కళాశాల మొదలైంది. అందుకే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పాత ఇళ్ళ అటకల మీద, తాతల ట్రంకు పెట్టెలలో అప్పటి గుర్తులు ఏవైనా ఉంటే నాకు ఆశ్చర్యం కలగదు. వాటి కాలం పోల్చుకోవడానికి ఒక సులువు చెబుతాను. 1950 నవంబరు 7న వేర్వేరు సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. దాని చిహ్నంలో లిల్లీ గుర్తు, గైడ్ల మూడాకుల గుర్తు, అశోకచక్రం కలిసి ఉంటాయి. మీ దగ్గరి బిళ్ళ మీద ఈ మూడూ ఉంటే అది తరువాతి కాలానిది.

ఇక దొరికిన వెంటనే అందరూ చేసే పొరపాటు గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే అది మా ఇంట్లోనే జరిగింది. ఎన్నో ఏళ్ళుగా వెతికితే దొరికిన ఒక కంచు పతకాన్ని దేవుడి గూటి పక్కన పెట్టి ఊరికి వెళ్ళాను. ఉగాదికి ఇత్తడి సామాను తోముతూ మా అమ్మ దాన్నీ చింతపండు, బూడిద కలిపి తళతళలాడేలా తోమింది. నేను తిరిగి వచ్చేసరికి, ముదురు గోధుమరంగులో నిండుగా ఉండవలసిన పతకం కొత్త చెంబులా ఎర్రగా మెరుస్తోంది. అంచున ఉన్న సన్నటి చుక్కల వరుస సగం చెరిగిపోయింది. అమ్మ ముఖంలో సంతోషం చూసి ఏమీ అనలేకపోయాను. లోహం మీద ఏళ్ళ తరబడి ఏర్పడిన ఆ పొర మురికి కాదు, అదే దానికి కవచం; చింతపండు పులుపు ఆ పొరను కరిగించేస్తుంది. అందువల్ల తోమకండి, పాలిష్ పెట్టించకండి. మెత్తటి పీవీసీ సంచులలో పెట్టినా కొన్నాళ్ళకు జిగురులాంటి పచ్చటి కిలుము పడుతుంది. ఒక్కొక్కదాన్ని శుభ్రమైన కాగితపు కవరులో విడిగా వేసి, కవరు మీద పెన్సిలుతో వివరం రాసి, తేమ తగలని చోట ఉంచితే చాలు.

నేను కోరేది పెద్ద ప్రదర్శనశాల కాదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో స్కౌట్ దళం ఉన్న, లేదా ఒకప్పుడు ఉండిన ప్రతి బడిలోనూ, పాత సామాను తూకానికి వేసే ముందు ఒక ఉపాధ్యాయుడు, నలుగురు పిల్లలు కూర్చుని బీరువాలోని పతకాలు, బిళ్ళలు, బ్యాడ్జీలను ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించాలి. బొమ్మ, బొరుసు రెండు వైపులా ఫోటో తీసి, వ్యాసం, బరువు, మీద ఉన్న అక్షరాలు, ఏ ర్యాలీలో లేదా ఏ శిబిరంలో వచ్చిందన్నది రాయాలి. ఆ ఊళ్ళోనే ఉన్న విశ్రాంత స్కౌట్ మాస్టరును పిలిచి అడిగితే ఒక మధ్యాహ్నంలో సగం పని తేలిపోతుంది. బ్రహ్మోత్సవాలలో యాత్రికులకు దారి చూపుతూ గంటల తరబడి నిలబడే స్కౌట్లు, గైడ్లకు ఇది కష్టమైన పనేమీ కాదు. ఈ పని చేసే మనుషులు మాత్రం ఏటా తగ్గిపోతున్నారు. నాతో పనిచేసిన స్కౌట్ మాస్టర్లలో ఇప్పుడు ఫోనుకు దొరికేవారు ముగ్గురే. జిల్లా స్కౌట్ సంఘం బాధ్యులు ఈ విషయం ఆలోచించాలని, మీ పత్రిక జిల్లా పుటలో వారానికి ఒక బిళ్ళ ఫోటో వేసి పాఠకుల జ్ఞాపకాలను అడగాలని నా విన్నపం.

చివరగా, కొర్లగుంట సంచిలో దొరికిన వాటిలో ఒక ఇత్తడి బిళ్ళ ఉంది. రూపాయి కంటే కొంచెం పెద్దది, పైన చిన్న కొక్కెం, కొక్కేనికి మాసిపోయిన ఆకుపచ్చ రిబ్బను ముక్క. వెనక పక్క సూదిమొనతో ఒక పేరు, దాని కింద ‘8-బి’ అని తెలుగులో గీసి ఉన్నాయి. ‘8’ రెండుసార్లు గీయవలసి వచ్చింది, మొదటిసారి చెయ్యి జారినట్టుంది. ఆ పేరు ఏమిటో కావాలనే ఇక్కడ రాయడం లేదు. సరిగ్గా చెప్పగలిగినవారు మీ కార్యాలయానికి ఒక ఉత్తరం రాస్తే, బిళ్ళ తీసుకుని నేనే వారి ఇంటికి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి